భూమి పోతేనే ఇల్లు వస్తుందా?

1/70 చట్టం ఉన్నంతకాలం మీకు ఇంటి అప్పు పుట్టదు అంటారు. బ్యాంకుల్లో విన్నాం, మైదానం నుంచి వచ్చే నాయకుల నోట విన్నాం. ఇప్పుడు చదువుకున్న మన పిల్లలు కూడా ఆ మాటే అంటున్నారు. అది తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాం.

ముందు చట్టం సంగతి చూద్దాం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించి, షెడ్యూల్డ్ ప్రాంతంలోని భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా కట్టడి చేశారు. మనం 1/70 అంటున్నది దాన్నే. మరుసటి ఏడే, 1971లో, ఇంకో సవరణ వచ్చింది. భూమి స్వాధీనం చెయ్యకుండానే సహకార సంఘానికో, ప్రభుత్వం ఆమోదించిన బ్యాంకుకో తనఖా పెట్టుకోవచ్చంది. అప్పు తీరకపోతే ఆ భూమిని గిరిజనులకే అమ్మాలంది. కాబట్టి తలుపు మూసింది చట్టం కాదు. గిరిజనుడే కొనాలంటే కొనేవాడు దొరకడు, దొరికినా ధర రాదు అని బ్యాంకు లెక్క. ఆ లెక్కకు చట్టం పేరు పెడుతున్నారు.

చట్టమే అడ్డమైతే, అది లేని చోట అప్పు పుట్టాలి కదా? శృంగవరపుకోట కొండల మీది ఊళ్లు, మందస వైపు సవర గూడలు షెడ్యూల్‌కు బయటే మిగిలిపోయాయి. అక్కడ 1/70 రక్షణ లేదు. మరి అక్కడి మనవాళ్లను బ్యాంకులు పిలిచి ఇళ్ల అప్పులిచ్చాయా? ఏ గూడకైనా వెళ్లి అడగండి. మనలో జీతం ఉన్నవాళ్లకు మాత్రం పార్వతీపురంలోనో పాలకొండలోనో ప్లాటు కొంటే అప్పు దొరుకుతుంది. బ్యాంకు చూసేది జీతం కాగితాన్ని, అమ్ముడుపోయే స్థలాన్ని. పోడు చేసుకునేవాడికి ఆ రెండూ లేవు. అటవీ హక్కుల పట్టా బిడ్డలకు వస్తుంది గానీ అమ్మడానికి, తనఖాకు పనికిరాదు.

ప్రభుత్వం ఉచితంగా ఇల్లిస్తోంది, మీకు అప్పెందుకు అని అడుగుతారు. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ కింద సవర, గదబ వంటి తెగలకు ఇంటికి 2 లక్షలు. మరుగుదొడ్డి, ఉపాధి కూలీ కలిపితే 2.39 లక్షలు. ఇది మన హక్కు, వదులుకోం. కానీ సరిపోతుందా? సరిపోదని ప్రభుత్వమే ఒప్పుకుంది. 2025 మార్చిలో, సగంలో ఆగిన ఇళ్లకు గిరిజనులకైతే 75 వేలు, ఆదిమ తెగలకైతే లక్ష అదనంగా ఇస్తామంది. రోడ్డు లేని కొండ మీదికి సిమెంటు బస్తా, ఇసుక, ఇనుము మోత ఖర్చుతోనే చేరాలి. పైగా ఒక దశ పూర్తయి, ఫోటో ఎక్కితేనే తర్వాతి బిల్లు. గోడ ముందు లేవాలి, డబ్బు వెనక రావాలి. ఆ మధ్య కాలానికి డబ్బు ఎవరిస్తున్నారు? షావుకారి. జీడిపిక్కలు, చింతపండు, పసుపు పంట రాకముందే అతనికి రాసిచ్చేస్తున్నాం.

ముందుగా పైసా కట్టనక్కర్లేదని చెప్పే ఇంటికి మనం ముందే కడుతున్నది ఇదే. పీఎం ఆవాస్ గ్రామీణ్ మార్గదర్శకాల్లో, కావాలన్నవారికి 70 వేల వరకు బ్యాంకు అప్పు ఇప్పించాలని రాసి ఉంది. మన ఊరి గ్రామసభలో ఆ మాట ఎవరైనా చదివి వినిపించారా?

పట్నం పేదకు మాత్రం ప్రభుత్వం పూచీ నిలబడింది. తాకట్టు లేని చిన్న ఇంటి అప్పుల కోసం 2012లో ఒక హామీ నిధి పెట్టారు. 2024 ఆగస్టులో దాన్ని 1,000 కోట్ల నుంచి 3,000 కోట్లకు పెంచారు. అప్పు మునిగితే బ్యాంకు నష్టంలో ఎక్కువ భాగాన్ని ఆ నిధి భరిస్తుంది. పట్నానికి ఉన్న పూచీ కొండకు ఎందుకు లేదు?

అమెరికాలో ఆదివాసీల రిజర్వేషన్లలోని ట్రస్టు భూములు కూడా మామూలుగా బయటివాళ్లకు అమ్ముడుపోవు. అక్కడి బ్యాంకులూ వెనక్కి తగ్గాయి. భూమి రక్షణ ఎత్తేద్దామని అక్కడి ప్రభుత్వం అనలేదు. 1992లో సెక్షన్ 184 పేరుతో ఇంటి అప్పుకు తానే హామీ నిలబడింది. అప్పు తీరకపోతే ఆ ఇల్లు ఆ తెగకో, తెగ మనిషికో పోవాలి తప్ప బయటికి పోకూడదు. సైన్యంలో పనిచేసిన ఆదివాసీలకైతే అదే ఏడాది మొదలైన మరో పథకంలో సాధారణంగా ముందస్తు సొమ్ము కూడా లేకుండా ప్రభుత్వమే నేరుగా అప్పిస్తోంది. మన 1971 సవరణలో ఉన్న ఆలోచన కూడా అదే. లేనిది పూచీ ఒక్కటే.

అందుకని మనం అడగాల్సినవి మూడు. ఒకటి, కొండ ఊళ్లలో పునాదికి ముందే మొదటి బిల్లు, మోత ఖర్చు విడిగా ఇవ్వాలి. రెండు, పట్నంలోలాగే గిరిజనుల ఇంటి అప్పుకు ప్రభుత్వ హామీ నిధి కావాలి. వాయిదాలు నెలనెలా కాకుండా పంట చేతికొచ్చే కాలానికి పెట్టాలి. మూడు, అప్పు మునిగినా భూమి గిరిజనుల దగ్గరే ఉండాలి.

1967 అక్టోబరు 31న లేవిడిలో కోరన్న, మంగన్న ప్రాణాలు పోయాయి. షావుకార్ల చేతిలో చిక్కిన భూమి, వెట్టి చుట్టూ సాగిన పోరాటం అది. 1/70 ఆ పోరాటాల తర్వాతే వచ్చింది. ఇల్లు ఆశ చూపి దాన్ని తీసెయ్యమంటే, మళ్లీ అదే షావుకారికి తలుపు తీసినట్టు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి గ్రామసభకు ఆ 70 వేల మాట, 1971 సవరణ కాగితం మీద రాసుకుని వెళ్లండి. మాస్టార్లూ, ఆ కాగితం రాసిపెట్టే పని మనది.