గీతలున్నాయి... నెట్టేదీ?

మహబూబాబాద్ జిల్లాలో గంగారం, కొత్తగూడ అడవి పల్లెలైనా, భూపాలపల్లి జిల్లాలో గోదావరి పక్కనున్న పలిమెల అయినా, జనం కిటకిటలాడే జనగామ బస్టాండైనా... ఫోన్ పట్టుకున్నవాళ్ల నోట వినిపించే మాట ఒకటే. 'సిగ్నలైతే ఉన్నది గానీ నెట్టు వస్తలేదు!'

ఒకప్పుడు నెట్ ఆగితే పాట ఆగేది, సినిమా ఆగేది. ఇప్పుడలా కాదు. రేషన్ దుకాణంలో వేలిముద్ర పడాలంటే నెట్ కావాలి. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో కాలేజీల ఆప్షన్లు పెట్టాలంటే నెట్ కావాలి. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ కూలీల హాజరుకు కూడా పనిచోట ఫొటో తీసి యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. అంటే నెట్ రాకపోతే ఆగేది వినోదం కాదు... నెల బియ్యం, పిల్లల సీటు, ఒక రోజు కూలి!

జ్వరం ఒకటే అయినా దాని వెనకున్న రోగాలు వేరు. నెట్ రాకపోవడమూ అంతే. ఏ రోగమో తెలియాలంటే నాలుగైదు మాటలకు అర్థం తెలిస్తే చాలు.

టవర్ గొంతు పెద్దది

ఫోన్ మీద కనిపించే గీతలు చెప్పేది ఒక్కటే: టవర్ మాట ఫోన్‌కు ఎంత గట్టిగా వినిపిస్తోందని. ఫోన్ మాట టవర్‌కు వినిపిస్తోందా లేదా అన్నది అవి చెప్పవు. టవర్ పదుల వాట్ల శక్తితో సంకేతాలు పంపుతుంది. 4జీ ఫోన్ శక్తి మహా అయితే 0.2 వాట్లు! ఇంటి ముందు నిలబడి మైకులో పిలిస్తే చేను చివర ఉన్న మనిషికి వినిపిస్తుంది. అతను బదులిస్తే ఇంటికి వినిపించదు కదా. అదే ఇదీ. టవర్ నుంచి ఫోన్‌కు వచ్చేది డౌన్‌లోడ్, ఫోన్ నుంచి టవర్‌కు వెళ్లేది అప్‌లోడ్. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో తెరుచుకుంటుంది, పంపిన ఫొటో మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

దీనికి తోడు అడవి. తడి ఆకులు, కొమ్మలు తరంగాల శక్తిని లాగేసుకుంటాయి. ఫ్రీక్వెన్సీ తక్కువున్న 700, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు దూరం పోతాయి, గోడల్నీ చెట్లనీ కొంత దాటుకొస్తాయి. 5జీకి ఎక్కువగా వాడే 3300 మెగాహెర్ట్జ్ తరంగాలు మోసే డేటా ఎక్కువ, పోయే దూరం తక్కువ. అడవి పల్లెకు ముందు కావాల్సింది దూరం పోయే తరంగమే.

నల్లా ఉంది, నీళ్లు లేవు

వాకిట్లో నల్లా ఉన్నంత మాత్రాన ట్యాంకు నుంచి నీళ్లొస్తున్నట్టు కాదు. టవర్ కూడా నల్లాలాంటిదే. దాన్ని మిగతా నెట్‌వర్క్‌తో కలిపే గొట్టాన్ని బ్యాక్‌హాల్ అంటారు. అది భూమిలో వేసిన ఫైబర్ తీగ కావచ్చు, టవర్ మీద డప్పులా గుండ్రంగా కనిపించే మైక్రోవేవ్ డిష్ కావచ్చు. ఆ గొట్టం సన్నగా ఉన్నా, తెగినా గీతలు నిండుగానే ఉంటాయి. నెట్ మాత్రం ఉండదు.

నీళ్లతో పోలిక ఊరికే చెప్పింది కాదు. తెలంగాణ ప్రభుత్వం టీ-ఫైబర్ కోసం మిషన్ భగీరథ గొట్టాలకు తవ్విన కందకాల్లోనే ఫైబర్ డక్ట్‌లూ వేయించింది. జనగామ, మహబూబాబాద్‌లకు రైలు మార్గం కూడా ఉంది. 2000లో మొదలైన రైల్‌టెల్ పట్టాల వెంటే ఫైబర్ వేస్తూ వచ్చింది. భూపాలపల్లికి ఆ మార్గమూ లేదు.

వేగం వేరు, ఆలస్యం వేరు

ఒక్క సెకనులో ఎంత డేటా పోగలదో చెప్పేది బ్యాండ్‌విడ్త్. దాన్ని బిట్లలో కొలుస్తారు. ఫైలు సైజు బైట్లలో ఉంటుంది. 8 బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 12.5 ఎంబీ మాత్రమే. 2004లో మన దేశంలో 256 కేబీపీఎస్ ఉంటే బ్రాడ్‌బ్యాండ్ అన్నారు. 2013లో దాన్ని 512 చేశారు. 2023లో 2 ఎంబీపీఎస్‌కు పెంచారు. ఒక ఎంబీ ఫొటో దిగడానికి అప్పట్లో అర నిమిషం పట్టేది, ఇప్పటి కొలత ప్రకారం 4 సెకన్లు.

ఈ బ్యాండ్‌విడ్త్‌ను టవర్ కింద ఉన్నవాళ్లంతా పంచుకోవాలి. మేడారం జాతరకు పోయినవాళ్లకు ఇది అనుభవమే. జాతరప్పుడు తాత్కాలిక టవర్లు పెట్టేది అందుకే.

ఇక అడిగినదానికి జవాబు రావడానికి పట్టే సమయం లేటెన్సీ. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. భూస్థిర ఉపగ్రహం ఉండేది దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున. దాని ద్వారా అడిగి జవాబు తెచ్చుకోవడానికి అర సెకను పడుతుంది. వేలిముద్ర సరిచూడటానికి కావాల్సిన డేటా కొన్ని కిలోబైట్లే. రేషన్ దుకాణానికి మెరుపు వేగం అక్కర్లేదు, తెగని దారి చాలు.

ఒక్క తవ్వుతో...

ఆ దారి తెగేది ఎక్కువగా జేసీబీ పంటి కిందే! 2011లో ఆమోదం పొంది, 2015లో భారత్‌నెట్‌గా పేరు మార్చుకున్న పథకంలో తీగను ఒక ఊరి నుంచి మరో ఊరికి వరసగా లాగారు. మధ్యలో తెగితే ఆ తర్వాతి ఊళ్లన్నీ చీకటే. 2023 ఆగస్టులో ఆమోదించిన సవరణలో దాన్ని రింగుగా మార్చాలని నిర్ణయించారు. ఒకవైపు తెగినా రెండోవైపు నుంచి డేటా వస్తుంది. తవ్వేముందు తీగల యజమానులకు కబురు చేసే 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్ కూడా 2023 మార్చిలోనే వచ్చింది.

ఫిర్యాదులో ఏం చెప్పాలి?

ఆరుబయటికో మిద్దె మీదికో వెళ్తే నెట్ వస్తోందా? సిగ్నల్ బలహీనం. తెల్లవారుజామున బాగుండి సాయంత్రం మొరాయిస్తోందా? రద్దీ. ఊళ్లో ఒక కంపెనీ సిమ్ములన్నిటికీ గీతలుండి ఏదీ తెరుచుకోవట్లేదా, వేరే కంపెనీవి పనిచేస్తున్నాయా? బ్యాక్‌హాల్ మీద అనుమానపడాలి. ట్రాయ్ మైస్పీడ్ యాప్‌తో కొలిచి, ఆ అంకెలతో కంపెనీకి ఫిర్యాదు చేసి, డాకెట్ నంబరు రాసిపెట్టుకోవాలి. పరిష్కారం కాకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి వెళ్లవచ్చు.

ఇంకో సంగతి. 2024లో ట్రాయ్ తెచ్చిన నిబంధనల ప్రకారం ఒక జిల్లాలో సేవలు 24 గంటలకు మించి ఆగిపోతే పోస్ట్‌పెయిడ్ వారికి అద్దె తగ్గించాలి, ప్రీపెయిడ్ వారికి గడువు పెంచాలి. అయితే అక్కడ కొలమానం జిల్లా. అడవిలో ఒక్క పల్లె టవర్ రెండు రోజులు మూగబోతే ఈ లెక్కలోకి రాదు. ఆ ఊరివాళ్లు నంబరుతో సహా రాయించిన ఫిర్యాదే దానికి లెక్క.