ఆడితే ఆదాయం: ‘ఉచితం’ వెనుక ఖర్చెవరిది?

న్యూఢిల్లీ: పైసా పెట్టుబడి లేకుండా సెల్‌ఫోన్‌లో ఆటలాడుతూ సంపాదించవచ్చునన్న ప్రచారం నిరుద్యోగ యువతను ఆకర్షించడంలో ఆశ్చర్యం లేదు. బ్లాక్‌చైన్ ఆటలుగా వ్యవహరిస్తున్న వీటిలో గెలిచినవారికి పాయింట్లకు బదులు టోకెన్లు దక్కుతాయి. ఆ టోకెన్ల యాజమాన్యపు చిట్టా ఒక్క సంస్థ చేతిలో కాక అనేక కంప్యూటర్లలో ఏకకాలంలో నమోదవుతుంది కనుక వాటిని క్రిప్టో విపణిలో అమ్మి సొమ్ము చేసుకునే వీలున్నది. అయితే నిర్వాహకులు ఉచితంగా ఆడనిస్తూ, పైపెచ్చు ఎదురు డబ్బు చెల్లిస్తున్నారంటే, ఆ డబ్బు ఎవరి జేబులోనుంచి వస్తున్నదన్న ప్రశ్న తలెత్తక మానదు. ఆడదగిన ఆటను పోల్చుకోవడానికి ఆ ప్రశ్నే గీటురాయి. ఈ విషయంలో ఆగ్నేయాసియా దేశాల అనుభవం మనకు కనువిప్పు కాగలదు.

ఫిలిప్పీన్స్ గుణపాఠం

వియత్నాంలోని హోచిమిన్ సిటీ కేంద్రంగా పనిచేసే స్కై మేవిస్ సంస్థ 2018లో ‘ఆక్సీ ఇన్ఫినిటీ’ అనే ఆటను ప్రవేశపెట్టింది. ‘ఆక్సీ’లనే బొమ్మ జంతువులను మూడింటిని జట్టుగా కూర్చి ఎదుటివారి జట్టుతో పోరాడించడం ఇందులోని ప్రధానాంశం. గెలిచినవారికి ఎస్‌ఎల్‌పి అనే టోకెన్లు లభిస్తాయి. 2020లో కోవిడ్ లాక్‌డౌన్ల కారణంగా ఉపాధి కోల్పోయిన ఫిలిప్పీన్స్ ప్రజలు ఈ ఆటలో జీవనోపాధిని వెదుక్కున్నారు. మనీలాకు ఉత్తరాన వున్న కబనతువాన్ వంటి పట్టణాలలో గృహిణులు, వృద్ధులు సైతం ఆటగాళ్లయ్యారు. 2021 నవంబరు నాటికి ప్రపంచవ్యాప్తంగా రోజుకు సుమారు 27 లక్షల మంది ఈ ఆట ఆడుతూ వచ్చారు. ఈ ఆదాయంపై పన్ను చెల్లించాల్సిందేనని ఫిలిప్పీన్స్ ఆర్థిక శాఖ 2021లోనే స్పష్టం చేసిందంటే దాని విస్తృతిని ఊహించవచ్చు.

నిజానికి ఆ రోజుల్లో ఆక్సీ ఆట ఉచితం కాదు. మూడు జంతువులను కొనడానికి వందల డాలర్లు వెచ్చించవలసి వచ్చేది. అంత స్తోమత లేనివారి కోసం ‘స్కాలర్‌షిప్’ పేరుతో ఒక ఏర్పాటు పుట్టుకొచ్చింది. మన పల్లెల్లో పశువును పాలికి ఇచ్చిన రీతిలోనే, సొంతదారు జంతువులను అరువిచ్చేవాడు. ఆడినవాడు రాబడిలో వాటా పంచేవాడు. ఇటువంటి సంఘాలలో పేరుపొందిన యీల్డ్ గిల్డ్ గేమ్స్ ఆటగాడికి 70 శాతం, పర్యవేక్షకుడికి 20 శాతం, సంఘానికి 10 శాతం చొప్పున పంపకం అమలు చేసింది. చేతినుంచి డబ్బు పెట్టని ఆటగాడికి ఇది ఉచితమే. కానీ అతడు వినోదం కోసం ఆడడం లేదు, కూలికి ఆడుతున్నాడన్నది గమనార్హం.

గిరాకీ తగ్గితే గతేమిటి?

ఎస్‌ఎల్‌పి టోకెన్‌కు ఆ రోజుల్లో ఆటలో ముఖ్యమైన వినియోగం ఒక్కటే వుండేది. రెండు ఆక్సీల నుంచి కొత్త ఆక్సీని పుట్టించడానికి అవి ఖర్చయ్యేవి. అలా పుట్టిన జంతువులను కొనేది ఎక్కువగా కొత్తగా చేరే ఆటగాళ్లు. అంటే కొత్తవారి రాక కొనసాగినంత కాలమే పాతవారి సంపాదనకు విలువ. రాక మందగించగానే, రోజూ పుట్టే టోకెన్లు ఖర్చయ్యే వాటిని మించిపోయి ధర దిగజారింది. 2021 జూలైలో 35 సెంట్ల స్థాయిని తాకిన ఎస్‌ఎల్‌పి, 2022 మధ్యకల్లా అర సెంటు దరిదాపులకు పడిపోయింది. రోజుకు 100 టోకెన్లు సంపాదించగల ఆటగాడి ఆదాయం 35 డాలర్ల నుంచి అర డాలరుకు దిగిందన్నమాట. శ్రమ తగ్గలేదు, నైపుణ్యం తగ్గలేదు, కొనేవాడు కరవయ్యాడు.

ఇది చాలదన్నట్లు 2022 మార్చి 23న ఈ ఆటకు ఆధారమైన రోనిన్ నెట్‌వర్క్ దోపిడీకి గురైంది. 1,73,600 ఈథర్ నాణేలు, 2.55 కోట్ల యుఎస్‌డిసి నాణేలు మాయమయ్యాయి. వీటి విలువ సుమారు 62 కోట్ల డాలర్లు. లావాదేవీలను ధృవీకరించే 9 తాళాలలో 5 దొంగల చేతికి చిక్కడమే ఇందుకు కారణం. ఆ అయిదింటిలో నాలుగు ఒక్క స్కై మేవిస్ అధీనంలోనివే. ఒకరి పెత్తనం వుండదని చెప్పుకునే వ్యవస్థలో అధికారం ఎంతగా కేంద్రీకృతమైనదో దీనితో తేటతెల్లమైంది. దోపిడీ జరిగిన ఆరు రోజులకుగాని సంస్థ ఆ సంగతి పసిగట్టలేకపోయింది. ఉత్తర కొరియాకు చెందిన లాజరస్ ముఠాయే దీనికి బాధ్యురాలని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బిఐ ఆ తర్వాత ప్రకటించింది.

ఉచితంలో రకాలు

ఈ పరిణామాల తర్వాత ఆటల రూపకర్తలు ‘సంపాదన కోసం ఆట’ అన్న నినాదాన్ని ‘ఆట, దానితోపాటు సంపాదన’గా సవరించుకున్నారు. 2022 ఏప్రిల్‌లో విడుదలైన ‘ఆక్సీ ఇన్ఫినిటీ: ఆరిజిన్’లో ఆరంభ జంతువులను ఉచితంగానే ఇచ్చారు. అయితే ఉచితాలన్నీ ఒక్క తీరువి కావు. ‘స్ప్లింటర్‌లాండ్స్’ అనే పేకల ఆటను ఊరికే ఆడవచ్చుగాని, సంపాదన మొదలు కావాలంటే 10 డాలర్ల పుస్తకం కొనాలన్న షరతు పెట్టారు. ఇమ్యూటబుల్ సంస్థ తెచ్చిన ‘గాడ్స్ అన్‌చెయిన్డ్’ ఇందుకు భిన్నం. ఉచితంగా ఇచ్చిన పేకలతోనే పూర్తి ఆట ఆడుకునే వీలు కల్పించి, అమ్మదగిన పేకలను ఆడుతూ సంపాదించుకోనిచ్చింది. అమ్మకం మాట పక్కన పెట్టినా అందులో ఎత్తుకు పైఎత్తు వేసే వినోదం మిగులుతుంది.

ఇక మూడో రకానికి 2024లో టెలిగ్రామ్‌లో చెలరేగిన ‘హ్యామ్‌స్టర్ కాంబాట్’ ఉదాహరణ. తెరపై వేలితో తట్టడం తప్ప అందులో చెప్పుకోదగిన ఆట లేదు. 30 కోట్ల మంది చేరారని నిర్వాహకులు చాటారు. తీరా ఆ ఏడాది సెప్టెంబరు 26న టోకెన్లు పంచినప్పుడు నెలల తరబడి తట్టినవారిలో అనేకులకు దక్కింది కొద్ది డాలర్లే. ఇక్కడ ఆటగాళ్ల సంఖ్యే నిర్వాహకులకు సరుకు అయింది.

మన చట్టం ఏమంటున్నది?

భారత ఆటగాళ్లకు మరో లెక్క కూడా వున్నది. క్రిప్టో ఆస్తుల బదిలీపై వచ్చే లాభానికి 2022 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం 30 శాతం పన్ను విధించింది. కొనుగోలు ధర తప్ప వేరే ఖర్చులేవీ మినహాయింపుకు రావు. ఒక టోకెన్‌లో వచ్చిన నష్టాన్ని మరో దాని లాభంలో సర్దుబాటు చేసుకునే వీలూ లేదు. ఒకదానిపై 10,000 రూపాయల లాభం, మరొకదానిపై అంతే నష్టం వచ్చిన వ్యక్తికి మిగిలేది శూన్యమే అయినా, సెస్సుతో కలిపి 3,120 రూపాయల పన్ను కట్టక తప్పదు. దీనికి తోడు నిర్ణీత పరిమితి దాటిన చెల్లింపులపై 1 శాతం మూలంలోనే పన్ను కోత 2022 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది.

కాగా 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పణంగా పెట్టే ఆటలను, వాటి ప్రకటనలను నిషేధించింది. డబ్బిచ్చి కొన్న నాణేలు, టోకెన్లు కూడా ఈ చట్టం దృష్టిలో పణమే. ఏమీ చెల్లించకుండా ఆడే ఆటకూ, కొన్న టోకెన్లను ఒడ్డి లాభం ఆశించే ఆటకూ మధ్య గీత ఇక్కడ పడుతున్నది. ఉచితమంటూ మొదలై ‘మరికొంత వేగంగా సంపాదించాలంటే టోకెన్లు కొనండి’ అని పిలిచే ఆటలు ఆ గీతను దాటే ప్రమాదం వున్నది. పందెపు ఆటలపై తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ తమ చట్టాలను సవరించి కఠినతరం చేసిన సంగతి తెలిసిందే.

అన్నిటినీ బేరీజు వేస్తే ఆటగాడు ముందుగా తేల్చుకోవలసినవి మూడు. గెలిచిన టోకెన్‌ను కొనేదెవరు, ఏ అవసరం కోసం? సంపాదించినది డబ్బు కట్టకుండానే బయటికి తీసుకునే వీలుందా? వాలెట్ రహస్య పదాలు తన వద్దనే వుంటున్నాయా, లేక ఆట పేరుతో ఎవరైనా అడుగుతున్నారా? రహస్య పదాలు అడిగే ఆట ఎంత ఉచితమైనా దూరంగా వుండడమే క్షేమం.

వీటన్నిటికీ తృప్తికరమైన జవాబు దొరికినా చివరకొక పరీక్ష మిగిలే వుంటుంది. టోకెన్ ధర రేపు సున్నా అయితే ఈ ఆట ఇంకా ఆడాలనిపిస్తుందా? అవునంటే అది ఆడదగిన ఆట. వచ్చిన నాలుగు రూపాయలు అదనపు లాభం. కాదంటే అది ఆట కాదు, కూలి ఖరారు కాని కొలువు. ఫిలిప్పీన్స్‌లో ఆ కొలువును నమ్ముకున్న కుటుంబాలకు అది ఉచితంగా దొరికినా, పోయిన కాలాన్ని తిరిగి ఇచ్చినవారెవరూ లేరు.