పిశవీకి టాకా అంటే భయమెందుకు?

"మా కోడలికి మూడోసారి కడుపు నిలిచింది. డాక్టరమ్మ పిశవీకి టాకా వేయాలంటున్నది. బిడ్డకు సూది గుచ్చుకోదా నర్సమ్మా?" అని పోయిన నెల ఒక పెద్దమ్మ అడిగింది. ఇదే మాట ఇంకో ఇద్దరు కూడా అడిగారు కాబట్టి ఈసారి దీని గురించే రాస్తున్నాను.

సూది బిడ్డ దాకా పోదు. బిడ్డ ఉండేది గర్భసంచి లోపల, నీటి పొరలో. కుట్టు పడేది సంచి మూతికి. నెలలు నిండేదాకా ఆ మూతి గట్టిగా మూసుకొని ఉండాలి. కొందరికి అది బలహీనంగా ఉండి, నాలుగో నెలో ఐదో నెలో వచ్చేసరికి నొప్పులు లేకుండానే తెరుచుకుంటుంది. పొద్దుటి దాకా బీడీలు చుట్టిన మనిషికి సాయంత్రం నీళ్లు పోతాయి, బిడ్డ దక్కదు. లంగా నాడ లాగి ముడి వేసినట్టు, ఆ మూతి చుట్టూ గట్టి దారం తిప్పి బిగించడమే టాకా. నడుములో మత్తు సూది ఇచ్చి కింది నుంచే వేస్తారు, పొట్ట మీద కోత ఉండదు.

ఈ పద్ధతిని 1955లో లోకానికి చెప్పింది మన బొంబాయి డాక్టరే, వి. ఎన్. శిరోడ్కర్. మొదట్లో ఆయన తల్లి తొడలోంచి తీసిన పొరనే పట్టీలాగా వాడేవారట! 1957లో ఆస్ట్రేలియా డాక్టరు మెక్‌డొనాల్డ్ ఇంకా సులువైన కుట్టు చెప్పారు.

అయితే పోయిన ప్రతి కడుపుకీ ఇది మందు కాదు. రెండు మూడు నెలల్లో పోయేవి చాలావరకు పిండంలోని లోపం వల్లే పోతాయి, వాటికి కుట్టు పనికిరాదు. అందుకే ఎన్నో నెలలో పోయింది, నొప్పులు ముందా నీళ్లు ముందా అని డాక్టరు గుచ్చి గుచ్చి అడుగుతారు. అప్పుడు అత్తలు అడ్డుపడొద్దు, కోడల్నే చెప్పనివ్వండి. పాత కథ స్పష్టంగా ఉంటే 12 నుంచి 14 వారాల మధ్య వేస్తారు. అనుమానంగా ఉంటే సోనోగ్రఫీలో మూతి పొడవు కొలుస్తూ పోతారు. ముందు అలా బిడ్డను పోగొట్టుకున్న తల్లికి 24 వారాల లోపు అది 25 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే కుట్టు మాట ఎత్తుతారు. కొందరికి ప్రొజెస్టెరాన్ మాత్రలతో సరిపెడతారు. టాకా వేస్తే నూటికి నూరు భరోసా అని మాత్రం ఎవరూ చెప్పలేరు.

నాకు కోపం వచ్చేది ఇంకో సంగతికి. మగ్గం దగ్గర నిలబడ్డది, మెట్లెక్కింది, అందుకే జారింది అని ఆ పిల్లనే అంటారు. మూతి బలహీనత ఆమె తెచ్చుకున్నది కాదు. పుట్టుకతో ఉండొచ్చు, పాత కాన్పులో చీలడం వల్ల రావచ్చు, చాలామందిలో కారణమే దొరకదు. రెండు కడుపులు పోయాయని కొడుక్కు మారు పెళ్లి మాట ఎత్తిన ఇల్లు మన వీధిలోనే ఉంది. పేరు రాయను, చదివితే వాళ్లకే తెలుస్తుంది. నెలల తరబడి మంచానికి అతికించినా లాభం లేదు, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. ఏ పని చేయొచ్చో, ఏది మానాలో డాక్టర్నే అడగండి.

ఏడో నెల రాగానే మనవాళ్లు పిల్లను సిరిసిల్లకో కరీంనగర్‌కో పుట్టింటికి పంపుతారు. టాకా ఉన్న పిల్లయితే ఆసుపత్రి కాయితం పెట్టెలో అడుగున కాదు, చేతిసంచిలో పెట్టండి. మామూలుగా 36, 37 వారాలకు దారం తీసేయాలి. ఆలోపే నొప్పులు మొదలైనా, నీళ్లు కారినా, రక్తం కనబడినా, జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. దారం ఉండగా నొప్పులు ముదిరితే మూతి చిరుగుతుంది. అక్కడి వాళ్లకు టాకా అంటే అర్థం కాకపోవచ్చు, "గర్భసంచి మూతికి కుట్టు వేశారు" అని ఆసుపత్రిలో మొట్టమొదటే చెప్పమనండి.