క్యాంపు కబుర్లు: జల్లెడ ఎక్కారా?

పోయిన నెల బాయిలర్ దగ్గర పనిచేసేవాళ్ళ దగ్గు గురించి రాస్తే, నాలుగైదు ఇళ్ళ నుంచి ఆడవాళ్ళు కబురు పెట్టారు, ఆ సంగతి మధ్యలో వదిలెయ్యొద్దని. వదలను. కానీ ఈ నెల మన లైన్లో ఏ గుమ్మం దగ్గర నిలబడ్డా ఒకటే మాట. ఎగ్జిబిషన్‌కి వచ్చిన కొత్త ఉయ్యాల, దాని పేరు, ఆ పేరు మీద జరిగిన రభస. నేనూ అక్కడే ఉన్నాను గనక ఉన్నది ఉన్నట్టు రాస్తా.

ఊళ్ళకెళ్ళి ఇంకా తిరిగిరాని వాళ్ళకోసం ముందు ఆ ఉయ్యాల ఎలా ఉంటుందో చెప్పాలి. అటు రెండు, ఇటు రెండు ఇనప స్తంభాలు. వాటి నడుమ పైనుంచి వేలాడే పొడుగాటి ఇనప చెయ్యి. దాని చివర గుండ్రటి పళ్ళెం, పళ్ళెం చుట్టూ కుర్చీలు. చెయ్యి గోడగడియారం లోలకంలా ఇటూ అటూ ఊగుతుంది, పళ్ళెం తన చుట్టూ తాను తిరుగుతుంది. అంటే మనిషి ఒకేసారి ఊగుతాడు, తిరుగుతాడు, అమ్మనీ దేవుణ్ణీ తలుచుకుంటాడు. టిక్కెట్టు 60 రూపాయలు.

దీనికి పేరు లేదు. ఓనరు దాన్ని ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. పైన బోర్డు మీద ఇంగ్లీషులో ఏదో ఉంటే దానిమీద నీలం రంగు పూసేశాడు. మన కర్ణాటకలో బోర్డుల మీద 60 శాతం కన్నడ ఉండాలని 2024లో చట్టం సవరించారు కదా, ఎలాగూ కొత్తగా రాయించాలి. అడ్డా దగ్గరికొచ్చి మన కుర్రాళ్ళతో, "మీరే ఒక పేరు చెప్పండి భయ్యా, జనం ఎగబడాలి. నచ్చితే మూడు రోజులు మీకు ఫ్రీ" అన్నాడట. వ్యాపారం తెలిసినవాడు. ఆ ఒక్క మాటతో ఖర్చు లేకుండా ఊరంతా ప్రచారం.

ఆ రాత్రే మొదలైంది. ఎలివేటర్ దగ్గర పనిచేసే కుర్రాళ్ళు 'బాహుబలి' అన్నారు. ఇంకేముంది, పెద్దదేది కనిపించినా మనవాళ్ళకి అదే పేరు. హోటల్లో పెద్ద భోజనం ప్లేటు బాహుబలి, ఇస్రో బరువైన రాకెట్టు బాహుబలి. ఇంకో బ్యాచ్ 'పుష్ప' అంది. లోడింగు దగ్గరి కన్నడ కుర్రాళ్ళు ఊరుకుంటారా? 'అప్పు' అని పెట్టాలన్నారు. పునీత్ రాజ్‌కుమార్ 2021లో పోయినప్పుడు మన మిల్లు గేటు దగ్గర కూడా ఫొటో పెట్టి దండ వేశాం, ఆ పేరు మీద ఎవరికీ పేచీ లేదు. కానీ తలకిందులుగా ఊగేదానికి ఆయన పేరా అని వాళ్ళలోనే ఒకడన్నాడు. అయితే 'కేజీఎఫ్' అన్నారు. మధ్యలో ఒక తెలివైనవాడు 'సలార్' అన్నాడు, హీరో మనవాడు, డైరెక్టరు మీవాడు, తగువు తీరిపోయిందని. తీరలేదు. మూడో రోజుకి హీరోలు పోయి భాష వచ్చి కూర్చుంది.

నాకు మనసు చివుక్కుమన్న మాట టీ బండి దగ్గర వినపడింది. ఇద్దరూ ఒకే లారీకి బస్తాలెత్తే కుర్రాళ్ళు. ఒకడు రెండోవాడితో, "నీవు క్యాంపిన మంది, హెసరు నావ్ ఇడ్తీవి" అన్నాడు. మీరు క్యాంపు వాళ్ళు, పేరు పెట్టేది మేము అని. కోపంలో అన్నదే. అయినా మనవాడు గ్లాసు విసిరికొట్టాడు. చెయ్యీ చెయ్యీ కలిసేలోపు హమాలీ మేస్త్రీ వచ్చి ఇద్దరి చొక్కాలూ పట్టుకున్నాడు.

క్యాంపు. ఆ మాట గురించి కాస్త చెప్పనివ్వండి. తుంగభద్ర డ్యాము 1953లో పూర్తయ్యాక ఎడమ కాలువ వెంబడి గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతులొచ్చి పొలాలు కొన్నారు. వాళ్ళ వెనకే కూలికి మన తాతలొచ్చారు. గుడిసెలేసుకున్న చోటల్లా క్యాంపు అన్నారు. క్యాంపంటే నాలుగు రోజులుండి ఎత్తేసేది. గుడిసెలు పోయి స్లాబులొచ్చాయి, మన పిల్లలు కన్నడ మీడియంలో మొదటి ర్యాంకులు తెచ్చుకుంటున్నారు, రేషన్ కార్డులో మాత్రం ఇప్పటికీ ఫలానా క్యాంపే. పేరు పెట్టే హక్కు ఎవరిదన్న మాట ఆ కుర్రాడికి ఎందుకంత తగిలిందో, నా వయసువాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. అయితే గ్లాసు విసరడం తప్పే. వాడితో అదే అన్నాను. ఆ గ్లాసు డబ్బులు నేనే ఇచ్చాను.

మర్నాడు సాయంత్రం ఇద్దర్నీ అదే బండి దగ్గర కూర్చోబెట్టాను. కాటా గుమాస్తాకి ఇంకేం పని, లారీ రాకపోతే కబుర్లే కదా. ఈ పేర్ల పిచ్చి మీ ఒక్కళ్ళదే కాదురా అని చెప్పాను. ఇంగ్లండులో థోర్ప్ పార్క్ అని ఒక పెద్ద పార్కుంది. అక్కడ 236 అడుగుల ఎత్తు రైలుబండి ఉయ్యాల కడుతుంటే, దానికి ఏ పేరు పెడతారోనని అభిమానులు నెలల తరబడి కొట్టుకున్నారు. చివరికి కంపెనీ 'హైపీరియా' అని పెట్టి 2024లో తెరిచింది. అదే దేశంలో 2016లో మంచు సముద్రాల్లో తిరిగే పరిశోధన ఓడకి పేరు చెప్పమని జనాన్ని అడిగితే, అందరూ కలిసి 'బోటీ మెక్‌బోట్‌ఫేస్' అనే ఎగతాళి పేరుకి ఓట్లు గుద్దారు. పడవయ్య పడవముఖం లాంటిది అనుకోండి. సర్కారు తలపట్టుకుని ఓడకి డేవిడ్ అటెన్‌బరో అనే పెద్దాయన పేరు పెట్టి, ఆ ఎగతాళి పేరుని అందులోని చిన్న జలాంతర్గామికి ఇచ్చింది.

ఇంకా తమాషా చెప్పనా? పట్టాల మీద ఎక్కుతూ దిగుతూ దూసుకెళ్ళే రోలర్ కోస్టర్ ఉంది కదా, దాన్ని ఫ్రెంచివాళ్ళు 'రష్యా కొండలు' అంటారు. ఎప్పుడో రష్యాలో మంచుగడ్డల దిబ్బలు కట్టి జారేవాళ్ళట, అందుకని. మరి రష్యావాళ్ళు ఏమంటారు? 'అమెరికా కొండలు' అంటారు! ఇది వినగానే కన్నడ కుర్రాడు పడీపడీ నవ్వాడు. నవ్వు వచ్చాక తగువు సగం చచ్చినట్టే.

బోర్డు మీద రాసినంత మాత్రాన పేరు నిలవదు. లండనులో నది ఒడ్డున 135 మీటర్ల చక్రం ఉంది, 2000లో జనాన్ని ఎక్కించడం మొదలుపెట్టారు. డబ్బిచ్చిన కంపెనీ పేరు ముందు తగిలిస్తూ వచ్చారు, ఒకసారి విమానాల కంపెనీ, ఒకసారి కరెంటు కంపెనీ, ఒకసారి కూల్‌డ్రింక్ కంపెనీ. జనం మాత్రం 'లండన్ ఐ' అనే అంటారు. అంత దూరం ఎందుకు, మన ప్రాంతానికి 2019లో కల్యాణ కర్ణాటక అని పేరు మార్చారా, బస్సుల మీద కూడా మారిందా, మా ఇంటావిడ ఇప్పటికీ హైదరాబాద్ కర్ణాటక అనే అంటుంది. పోయినేడు రావిర్యాల వండర్‌లాకి ట్రిప్పు వెళ్ళొచ్చిన మన పిల్లలు అక్కడి 'రీకాయిల్'ని ఆ పేరుతో ఎవరైనా పిలవగా విన్నారా? 'ఎనక్కెళ్ళే రైలు' అంతే.

అసలు పెద్ద చక్రం ఉయ్యాల సంగతే చూడండి. 1893లో చికాగో ప్రదర్శనలో జార్జ్ ఫెర్రిస్ అనే ఇంజనీరు 264 అడుగుల ఉక్కు చక్రం నిలబెట్టాడు. 36 పెట్టెలు, ఒక్కో పెట్టెలో 60 మంది. ఇంగ్లీషువాళ్ళు ఇప్పటికీ దాన్ని ఫెర్రిస్ చక్రం అంటారు. మనకి ఆ పేరు అంటలేదు. మన జాతరల్లో ఎప్పట్నుంచో కొయ్యవి ఉన్నాయి. నా చిన్నప్పుడు సోమలాపురం అంబాదేవి జాతరలో నాలుగు పెట్టెల కొయ్య చక్రం ఎక్కాను, ఇద్దరు మనుషులు చేత్తో తోసేవాళ్ళు. మా నాన్న దాన్ని రంగులరాట్నం అన్నాడు, పక్కనున్న కన్నడ పెద్దాయన తొట్టిలు అన్నాడు. రాట్నమంటే నూలు వడికేది. తొట్టిలంటే పసిబిడ్డని పడుకోబెట్టేది. ఎవరింట్లో వస్తువు పేరు వాళ్ళు పెట్టుకున్నారు. ఆ పేరుతో 1966లో బి.ఎన్.రెడ్డి గారు సినిమా కూడా తీశారు, చంద్రమోహన్‌కి అదే మొదటి సినిమా. అంటే ఉయ్యాల పేరు సినిమాకి వెళ్ళింది. మీరు సినిమా పేరు ఉయ్యాలకి తెస్తున్నారు అని కుర్రాళ్ళని కాస్త ఎత్తిపొడిచాను. 'ఉయ్యాల' అనే పెట్టండి, కన్నడంలోనూ ఉయ్యాలె అంటారు, ఇద్దరికీ సరిపోతుంది అన్నాను. ఇద్దరూ కలిసి నావైపు జాలిగా చూశారు. "గుమాస్తా బాబాయ్, ఆ పేరు చూసి 60 రూపాయలు ఎవడిస్తాడు?" నా పేరు అక్కడికక్కడే ఓడిపోయింది.

ఇంతసేపూ మా ఫిట్టరు పక్కనే టీ తాగుతున్నాడు, ఒక్క మాట మాట్లాడలేదు. గ్లాసు పెట్టేసి, "పద, ఒకసారి చూద్దాం" అన్నాడు. ఎక్కడానికేమో అనుకున్నాం. అక్కడికెళ్ళి టిక్కెట్టు కౌంటర్ వైపు పోలేదు. చెయ్యి వేలాడే చోటు కింద నిలబడి తలెత్తి పది నిమిషాలు చూశాడు. ఒక చెయ్యి చెవి వెనక పెట్టి విన్నాడు, మిల్లులో బేరింగు శబ్దం వింటాడే, అలాగే. తర్వాత కుర్చీల దగ్గరికెళ్ళి వంగి, ఒక కుర్చీ ముందు కడ్డీని పట్టి ఊపాడు. ఆ కడ్డీని పట్టి ఉంచే పిన్ను చివర కాటర్ పిన్ను ఉండాలి. దాని బదులు వంచిన మేకు ఉంది. మామూలు మేకు. తలుపుకి కొట్టేది.

అందరం నోరు మూసుకున్నాం. నాలుగు రోజుల్నుంచి బాహుబలా, అప్పూనా అని చొక్కాలు చించుకుంటున్నాం, పిల్లల్ని ఆ మేకు మీద భరోసా పెట్టి ఎక్కిస్తున్నాం.

2019 జులై 14న అహ్మదాబాదు కాంకరియా చెరువు దగ్గర విరిగిపడింది ఇలాంటి ఉయ్యాలే. ఆదివారం, జనం ఎక్కువ. చెయ్యి విరిగి పళ్ళెం నేలకి కొట్టుకుంది. ఇద్దరు చనిపోయారు, ఇరవై మందికి పైగా దెబ్బలు తగిలాయి. దాని పేరు 'డిస్కవరీ'. మంచి పేరే. ఇందాక చెప్పిన ఫెర్రిస్ ఉన్నాడే, ఆయన చక్రం కట్టకముందు రైలు వంతెనలకి వాడే ఉక్కుని పరీక్షించే కంపెనీ నడిపాడు. అంత పెద్ద చక్రం నిలబడిందంటే నిలబడదూ!

ఫిట్టరు ఓనరుని పిలిచి మేకు చూపించాడు. ఓనరు మొదట 'నడుస్తోంది కదా' అన్నాడు. ఫిట్టరు గొంతు పెంచలేదు. "నీ పిల్లని ఈ కుర్చీలో కూర్చోబెట్టు, నేను మాట్లాడను" అన్నాడు. నిన్న కొట్టుకోబోయిన కుర్రాళ్ళిద్దరూ అప్పటికే వెళ్ళి టిక్కెట్టు క్యూ ముందు చేతులు అడ్డం పెట్టి నిలబడ్డారు, ఒకడు తెలుగులో చెప్తున్నాడు, ఒకడు కన్నడంలో. ఆ సాయంత్రం ఉయ్యాల తిరగలేదు. మర్నాడు కాటర్ పిన్నులొచ్చాయి. ఫిట్టరు డ్యూటీ దిగి వెళ్ళి ప్రతి కుర్చీకీ చూశాడు, మూడు చోట్ల వాషర్లు కూడా మార్పించాడు. కూలి తీసుకోలేదు, టీ మాత్రం తాగాడు. పిన్నులు కంటికి కనపడ్డాయి, సరిచేశారు. పైన ఇనప చెయ్యి లోపల ఎలా ఉందో చూడాల్సింది లైసెన్సు ఇచ్చేవాళ్ళు పంపే ఇంజనీరు. మీ ఊళ్ళో ఎగ్జిబిషన్ పడితే ఆ తనిఖీ కాగితం ఎక్కడుందని ఓనరుని అడగండి. అడిగితే కొట్టరు.

ఇక పేరు. తిరగడం మళ్ళీ మొదలైన రోజు, మన మిల్లులో నూకలు ఏరే అక్క తొమ్మిదేళ్ళ కూతుర్ని తీసుకొచ్చింది. ఎక్కించడానికి కాదు, చూపించడానికి. ఆ పిల్ల తల పైకెత్తి చూస్తూ, "అమ్మా, అచ్చం నువ్వు జల్లెడ పట్టినట్టే ఉందే" అంది. చూస్తే నిజమే! గుండ్రటి పళ్ళెం, ఇటొక ఊపు, అటొక ఊపు, మధ్యలో తిప్పుడు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఒక్కసారిగా నవ్వేశారు. వాళ్ళ చేతులకి తెలిసిన ఊపు అది. గంటలో పిల్లలందరూ అదే పేరు. కన్నడ పిల్లలు 'జరడి' అంటున్నారు, వాళ్ళ అమ్మలదీ అదే పని కదా. ఆట కూడా కట్టారు. ముందు కేక పెట్టినవాడు నూక, చివరిదాకా నోరు మూసుకున్నవాడు బియ్యం. మన హమాలీ మేస్త్రీ, వందకేజీల బస్తా ఎత్తే మనిషి, రెండో ఊపుకే నూకయ్యాడు.

బోర్డు మీద ఓనరు చివరికి ఏం రాయించాడంటారా? ఏమీ లేదు. పెయింటరు అడిగిన డబ్బు ఎక్కువట, ఇంకా నీలంగానే ఉంది. కానీ నిన్న సాయంత్రం మైకులో ఆయనే, వచ్చీ రాని తెలుగులో, "ఆయియే ఆయియే, జల్లేడా, జల్లేడా, జరడీ, అరవై రూపాయ్" అని అరుస్తున్నాడు. మూడు రోజుల ఫ్రీ ఆ పిల్లకే ఇచ్చాడు. వాళ్ళమ్మ ఒక్కరోజుకే ఒప్పుకుంది, అదీ ఫిట్టరు మామ పక్కన నిలబడి పిన్ను చూసి చెప్పాకే.