చెయ్యి పెట్టి నేర్చుకునే చదువు



ఎలక్ట్రానిక్స్ మన పిల్లలకు కష్టమని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. డిగ్రీలో మా ల్యాబులో ముప్పై మందికి ఒకే కిట్టు ఉండేది. "ముట్టుకోవద్దు, పాడైతే డబ్బులెవరు కడతారు?" అన్న మాట విన్నాక, ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కినవాడు చెయ్యి ఎలా చాపుతాడు? రికార్డు రాస్తాడు, మార్కులు తెచ్చుకుంటాడు. పని మాత్రం రాదు.

ఈ భయాన్ని పోగొట్టేది చవకైన మైక్రోకంట్రోలర్ బోర్డు. 2005లో ఇటలీలోని ఇవ్రియాలో విద్యార్థుల కోసం పుట్టిన ఆర్డుయినో ఈ బాట వేసింది. 2021 జనవరిలో వచ్చినప్పుడు రాస్ప్‌బెర్రీ పై పికో ధర 4 డాలర్లు, అప్పటి మారకం లెక్కన సుమారు 300 రూపాయలు. దాని చిప్పులోనే యూఎస్‌బీ ఉంది. బోర్డు మీది బటన్ నొక్కి పట్టుకొని కేబుల్ పెడితే కంప్యూటరులో పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది. ప్రోగ్రాం ఫైలు అందులోకి కాపీ చేస్తే చాలు.

నాలుగు బటన్లు కలిపి ప్రోగ్రాం రాస్తే అదే కీబోర్డు అవుతుంది. కీబోర్డు కంప్యూటరుకు అక్షరాలు పంపదు, ఏ మీట నొక్కామో తెలిపే సంఖ్యను పంపుతుంది. దాన్ని తెలుగు అక్షరంగా మార్చేది కంప్యూటరులోని లేఅవుట్. ఇలాంటి సంగతి పుస్తకంలో చదివితే మరచిపోతాం, చేసి చూస్తే మరువం. టైనీయూఎస్‌బీ వంటి ఓపెన్ సోర్స్ కోడును ఎవరైనా ఉచితంగా చదవవచ్చు, మార్చుకోవచ్చు.

"బోర్డులిస్తే ఉద్యోగాలొస్తాయా?" అని అడగవచ్చు. బోర్డుతోనే రావు. కానీ వేలు పోసి కొన్న రెడీమేడ్ ప్రాజెక్టు ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్నకు కూడా నిలవదు. సొంతంగా చేసినవాడు తడబడినా జవాబు చెప్పగలడు. పికో పిన్నులు 3.3 వోల్టులవి, 5 వోల్టులిస్తే చిప్పు కాలిపోవచ్చు. కాలనివ్వండి! ఆ పాఠం ఖరీదు ఒక చవకైన బోర్డే. డబ్బున్న ఇంటి పిల్లలు బొమ్మలు విప్పి పాడుచేసి నేర్చుకున్నారు. మనకు ఆ అవకాశం ఎప్పుడు దొరికింది?

ఉద్యోగాల్లో ఉన్న అన్నలకు నా విన్నపం ఒక్కటే. వార్షికోత్సవానికి శాలువాలు, జ్ఞాపికలు తెస్తున్నారు. ఈసారి ఆ డబ్బుతో పది బోర్డులు, కొన్ని బటన్లు, తీగలు కొనివ్వండి. నెలకో ఆదివారం వచ్చి తమ్ముళ్ళ పక్కన కూర్చోండి. వార్డెన్ సార్‌కు మనవి: వాటిని బీరువాలో పెట్టి తాళం వేయకండి. పాడైన బోర్డును రిజిస్టరులో రాయండి, పిల్లల దగ్గర వసూలు చేయకండి.

తమ్ముళ్ళూ, రేపు బోర్డు వస్తే ఎవరూ చెప్పేదాకా ఆగకండి. ముందు చెయ్యి పెట్టండి.