బొగ్గు మనది, బూడిద వాళ్లది, లాభం ఎవరిది?

2047 నాటికి దేశం ఇంధన స్వావలంబన సాధించాలని 2021 ఆగస్టు 15న ఎర్రకోట మీది నుంచి ప్రధాని మోదీ ప్రకటించారు. కాదన్నదెవరు? చమురు కోసం పరాయి దేశాల ముందు చెయ్యి చాచొద్దనే మేమూ కోరుతున్నాం. కానీ 'దేశం కోసం' అన్న ప్రతిసారీ ఎవరి ఇల్లు గుల్లయిందో లెక్క తీయాల్సిందే.

బస్సులో బెజవాడ పోయే ప్రతి విద్యార్థికీ, ఉద్యోగికీ ఇబ్రహీంపట్నం పొగగొట్టాలు ఎరుకే. 1979లో మొదలైన ఆ థర్మల్ కేంద్రంలో ఒడిశా తాల్చేరు బొగ్గుతో పాటు మన సింగరేణి బొగ్గూ కాలింది. బొగ్గు అక్కడికి పోయింది, ఓపెన్‌కాస్టు బొందలగడ్డలు మనకు మిగిలినయ్. విభజన లెక్కలో కరెంటు 53.89 శాతం మనకు దక్కాలి. 2014 జూన్‌లో రాష్ట్రం వచ్చిందో లేదో, కొనుగోలు ఒప్పందాలు రద్దు చేస్తామని ఆంధ్రా సర్కారు అడ్డం తిరిగింది. ఆ వానాకాలం మోటార్లు ఆగి మన రైతు గోస పడ్డాడు.

మరి కృష్ణా డెల్టా రైతు బాగుపడ్డాడా? అదీ లేదు. కరెంటు తీగల మీద పోయింది, బూడిద ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల పల్లెల నెత్తిన పడింది.

గ్యాస్ కథా ఇంతే. కృష్ణా-గోదావరి బేసిన్‌లో 2002లో నిక్షేపాలు దొరికినయ్. డీ6 క్షేత్రాన్ని రిలయన్స్ చేతిలో పెట్టారు. కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా సుమారు 1,400 కిలోమీటర్ల పైపులైను వేశారు. అది డెల్టా పొలాల కింద నుంచి, మన ఖమ్మం, నల్లగొండ పొలాల కింద నుంచే పోయింది. 2009లో గ్యాస్ వచ్చింది. గ్యాస్ ప్రజల ఆస్తి అని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. ఏం లాభం? ఉత్పత్తి పడిపోయింది. 2013లో విద్యుత్ కేంద్రాలకు డీ6 గ్యాస్ ఆగింది. బెజవాడ పక్కనే ఉన్న కొండపల్లి యూనిట్లు గ్యాస్ కోసం నోరు తెరుచుకుని కూర్చున్నయ్. దీన్ని స్వావలంబన అంటారా?

మా కొట్లాట డెల్టా రైతుతో కాదు. బొగ్గునూ గ్యాస్‌నూ అంగట్లో సరుకు చేసిన పాలకులతో, వాళ్ల వెనకున్న పెట్టుబడితో.

అదే ఆట ఇప్పుడు సింగరేణి మీద నడుస్తోంది. 2020 జూన్‌లో 'ఆత్మనిర్భర్' పేరుతోనే బొగ్గు బ్లాకుల వాణిజ్య వేలానికి కేంద్రం తెర తీసింది. నాలుగు బ్లాకుల కోసం 2021 డిసెంబర్‌లో సింగరేణి కార్మికులు మూడు రోజులు సమ్మె కట్టారు. అయినా 2024 జూన్‌లో మన హైదరాబాద్‌లోనే కూర్చుని శ్రావణపల్లిని వేలం జాబితాలో పెట్టారు. సింగరేణిలో 51 శాతం వాటా మన రాష్ట్రానిది. సొంత ఇంటి బావిలో నీళ్లు తోడుకోవడానికి వేలంపాట పాడాలా?

మా డిమాండ్ ఒక్కటే. సింగరేణి ప్రాంతపు గనులను వేలం లేకుండా సింగరేణికే ఇవ్వాలి. గని తవ్విన ఊరికి, బూడిద మోసిన ఊరికి, పైపు పోయిన ఊరికి మొదటి హక్కు రాయాలి. రాష్ట్రం తెచ్చుకున్నది మ్యాపు మీద గీత కోసం కాదు. వనరుల మీద హక్కు కోసం. ఆ పని ఇంకా మిగిలే ఉంది.