తెలుగులో మోటారు తిరగదా?



“సారూ, మీ తెలుగుతోని పద్యాలొస్తయి, సంతోషమే. చిప్పులు, రోబోలు వస్తయా?” పిల్లవాణ్ణి మా బడి నుండి తీసి ఆంగ్ల మాధ్యమంలో చేర్చబోతున్న ఒక తండ్రి కొంతం చౌక్‌లో నన్ను అడిగిన ప్రశ్న ఇది. ఆయన మరమగ్గం మీద పనిచేసే మనిషి. ఆ ప్రశ్నలో ద్వేషం లేదు, బిడ్డ భవిష్యత్తును గూర్చిన భయమే ఉంది. కనుక దానికి కోపంతో గాక ఉదాహరణతో సమాధానం చెప్పదలచాను.

ఆర్డుయినో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డును మీలో కొందరు చూసే ఉంటారు. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో విద్యార్థుల కోసం పుట్టిన సాధనమిది. దీనితో ఒక చిన్న వైబ్రేషన్ మోటారును నడపడం పిల్లలకు మంచి అభ్యాసం. ఎన్నో సెల్‌ఫోన్లు జేబులో వణికేది ఇటువంటి మోటారు వల్లనే. దాని ఇరుసుకు బరువు ఒక పక్కకే ఉంటుంది, అందుచేత తిరిగినప్పుడల్లా అదురుతుంది. రాట్నం మీద వంకరగా కూర్చున్న కండె ఎట్లా అదురుతుందో మన పిల్లలకు ఒకరు చెప్పవలసిన పని లేదు.

ఆంగ్ల మాధ్యమంలో చదివే మా వీధి పిల్లలు ముగ్గురు ఒకనాడు అటువంటి సామగ్రిని నా వద్దకు తెచ్చారు. మోటారు తీగను నేరుగా బోర్డు పిన్నుకు కలిపారట. కాసేపు తిరిగిందట, తరువాత ఆ పిన్ను పనిచేయడం మానేసిందట. సూచనల కాగితంలో ట్రాన్సిస్టర్ వాడమని స్పష్టంగానే రాసి ఉంది. “ఎందుకు వాడాలి?” అని అడిగాను. ఆ ఆంగ్ల వాక్యాన్ని ముగ్గురూ తప్పు లేకుండా అప్పజెప్పారు. కారణం మాత్రం ఒక్కరూ చెప్పలేకపోయారు.

అప్పుడు తెలుగులో అడిగాను: “మీ సాంచా మోటారును గోడ మీది చిన్న బొత్తాము నేరుగా మోస్తుందా?” ఒక పిల్లవాడు వెంటనే అన్నాడు: “మొయ్యది సారూ, కాలిపోతది. నడుమ స్టార్టర్ ఉండాలె.” అంతే! ట్రాన్సిస్టర్ చేసే పని అదే. ఆర్డుయినో యూనో ఆర్3 బోర్డులో ఒక పిన్ను నుండి 20 మిల్లీ ఆంపియర్ల లోపు తీసుకోవడం క్షేమం, 40 దాటరాదు. బొత్తాం బిళ్ళంత మోటారుకు సుమారు 60 నుండి 100 మిల్లీ ఆంపియర్లు కావాలి. కాబట్టి పిన్ను ఇచ్చేది ఆజ్ఞ మాత్రమే. సుమారు 1000 ఓముల నిరోధకం గుండా ఆ కొద్దిపాటి ప్రవాహం ట్రాన్సిస్టర్ బేస్‌కు చేరుతుంది. మోటారు బరువును ట్రాన్సిస్టర్ మోస్తుంది.

మోటారుకు అడ్డంగా, తిరగేసి ఒక డయోడ్ ఎందుకు పెడతారు? కరెంటు తీసినా సాంచా చక్రం ఆ ఊపుతో ఇంకా తిరుగుతుంది కదా! తీగచుట్టలోని ప్రవాహమూ అంతే. ఉన్నట్టుండి ఆపితే ఊరుకోదు, ఎక్కువ ఓల్టేజిగా ఎగసి ట్రాన్సిస్టర్‌ను దెబ్బతీస్తుంది. డయోడ్ దానికి చుట్టుదారి చూపి శాంతింపజేస్తుంది. ఇక మోటారు 3 ఓల్టులది, బోర్డు 5 ఓల్టులది. అందుకని ప్రవాహాన్ని సెకనుకు సుమారు 490 సార్లు ఇచ్చి తీస్తారు. 0 నుండి 255 వరకు ఉన్న కొలతలో 150 దగ్గర పెడితే సగటున మోటారుకు సరిపోయినంతే అందుతుంది.

ఇందులో తెలుగుకు అందని భావం ఏది? చెప్పండి.

“ప్రోగ్రాము ఆంగ్లంలోనే రాయాలి కదా” అంటారు. నిజమే. ఈ పనికి కావలసినవి డిజిటల్‌రైట్, అనలాగ్‌రైట్, డిలే, లూప్ వంటి కొన్ని మాటలే. వాటిని పిల్లలు వారంలో నేర్చుకుంటారు. ఆ పది మాటల కోసం పదేళ్ళ ఆలోచనను పరాయిభాషకు అప్పగించాలా? అసలు ప్రోగ్రాము అన్న ఊహ మనకు కొత్తదా? 1804లో ఫ్రాన్సులో జకార్డ్ రూపొందించిన యంత్రంలో, ఏ పోగు లేవాలో ఏది దిగాలో అట్టల మీది రంధ్రాలు చెబుతాయి. గణన యంత్రానికి బాబేజి ఆ అట్టలనే అరువు తెచ్చుకున్నాడు. షోలాపూర్ దుప్పటి మీది పువ్వు ఆ జకార్డ్ మీదనే పూసింది. అట్టల వరుస చూస్తూ పెరిగిన బిడ్డకు ప్రోగ్రాము రాదనడం మన వృత్తిని మనమే అవమానించడం కాదా?

ఇక్కడ తప్పు తల్లిదండ్రులది మాత్రమే కాదు. తోటి తెలుగు ఉపాధ్యాయులారా, మనది కూడా. తెలుగును పద్యానికి, పండుగ ఉపన్యాసానికి పరిమితం చేసినది మనమే. మనలో కొందరు ట్రాన్సిస్టర్‌కు నోరు తిరగని సంస్కృత సమాసం కట్టి అదే భాషాసేవ అనుకుంటారు. మోటారును మోటారనే అందాం, డయోడ్‌ను డయోడనే అందాం. పేరు ఎక్కడిదైనా కావచ్చు, కారణం మాత్రం బిడ్డ సొంత భాషలో పుట్టాలి.

ఆంగ్లం వద్దని నేను అనడం లేదు. మరాఠీ లేనిదే ఈ ఊళ్ళో బతుకు లేదు. రెండూ చక్కగా నేర్పుదాం. కానీ 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఏ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించమని రాష్ట్రాలకు చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం 5వ తరగతి వరకు, వీలైన చోటల్లా, మాతృభాషలో బోధించాలన్నది. చట్టం తలుపు తెరిచి ఉంచినా పిల్లలు లేకపోతే తరగతి నిలవదు. ఒకసారి మూతబడిన తెలుగు తరగతిని మళ్ళీ తెరిపించడం ఎంత కష్టమో ఈ వృత్తిలో ఉన్నవారికి తెలుసు.

ఆ ముగ్గురు పిల్లల సంగతి ముగించలేదు. స్టార్టర్ మాట చెప్పిన పిల్లవాడి తాతకు ఏళ్ళ తరబడి సాంచాల హోరులో చెవులు దెబ్బతిన్నాయి. తలుపు కొడితే వినబడదు. పిల్లలు గుమ్మం దగ్గర బొత్తాము పెట్టి, తాత కుర్చీ చేతికి ఆ మోటారును అంటించారు. ఎవరైనా బొత్తాము నొక్కితే కుర్చీ చెయ్యి మూడుసార్లు అదురుతుంది. మొదటిసారి అదిరినప్పుడు ఆ పెద్దాయన ఉలిక్కిపడి, తరువాత నవ్వి, ఇదెట్లా పనిచేస్తుందిరా అని మనుమణ్ణి అడిగాడు. వాడు తాత అరచేతిలో వేలితో బొమ్మ గీస్తూ, పెదవుల కదలిక తెలిసేటట్లు నెమ్మదిగా, అంతా తెలుగులోనే చెప్పాడు.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ నేర్చినది ఇంట్లో తాతకు చెప్పగలడా? ఈ ఒక్క ప్రశ్న వేసుకొని, ఆ తరువాత బడిని ఎంచుకోండి.